‘ఆకే కదమ్మా’ అంటున్నాడు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా అబ్బాయికి 19 ఏళ్లు, నల్లగొండలో గది తీసుకుని డిగ్రీ చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు బట్టలు ఉతకబోతే ప్యాంటు జేబులో కళ్లలో వేసుకునే చుక్కల మందు, పల్చని కాగితాలు, చిన్న పొట్లంలో గంజాయి దొరికాయి. అంతకుముందు రాత్రే, అందరం పడుకున్నాక లేచి గిన్నెలో అన్నమంతా ఊడ్చి తిన్నాడు. నిలదీస్తే ‘సారా కాదు కదా, ఆకే కదమ్మా’ అన్నాడు. నిజంగా దాంతో ఏమీ కాదా? వాళ్ల నాన్నకు ఇంకా చెప్పలేదు.
– పేరు రాయవద్దన్న ఒక తల్లి

జవాబు: అమ్మా, గంజాయి అంటే ఆకు కాదు. ఆడ మొక్కకు పూసే, జిగురు పట్టిన పూగుత్తులు. మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే రసాయనం వాటిలోనే ఎక్కువ. చెట్టుది కాబట్టి మేలే అనుకోవడానికి లేదు, ఉమ్మెత్తా గన్నేరూ చెట్లే.

మన మెదడు తనంతట తానే ఆనందమైడ్ అనే పదార్థాన్ని తయారుచేసుకుంటుంది. 1992లో దాన్ని గుర్తించిన శాస్త్రవేత్తలు సంస్కృతంలోని ‘ఆనందం’ నుంచే ఆ పేరు పెట్టారు. ఆకలి, నిద్ర, భయం, జ్ఞాపకం అదుపు తప్పకుండా చూసే ఈ పదార్థం కావలసిన చోట కావలసినంతే పుట్టి, పని కాగానే కరిగిపోతుంది. టీహెచ్‌సీ వెళ్లి సరిగ్గా దాని పీట మీదే కూర్చుంటుంది, గంటల తరబడి లేవదు. అందుకే మీ అబ్బాయికి వేళ కాని వేళ ఆకలి వేసి ఉంటుంది. రక్తనాళాలు వెడల్పై కళ్లు ఎర్రబడతాయి, ఆ ఎరుపు కనిపించకుండా చాలామంది చుక్కల మందు వాడతారు. గుండె వేగం పెరుగుతుంది, చదివింది నిలవదు, కాలం, దూరం అంచనా తప్పుతాయి కనుక ఆ స్థితిలో బండి నడపడం ప్రమాదం.

పీల్చితే నిమిషాల్లో ఎక్కుతుంది. తింటే అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది, ఎక్కలేదని మళ్లీ తిన్నవారు తీవ్రమైన భయానికి, వాంతులకు లోనవుతారు. మత్తు దిగినా టీహెచ్‌సీ కొవ్వులో నిలిచిపోతుంది, రోజూ తాగేవారి మూత్రంలో వారాల తరబడి కనిపిస్తుంది.

నన్ను అన్నిటికంటే కలవరపెడుతున్నది అతని వయసు. మెదడు ఎదుగుదల దాదాపు 25 ఏళ్ల దాకా సాగుతుంది. ఆలోగా తరచూ తాగేవారిలో లేని మాటలు వినిపించడం, అందరినీ అనుమానించడం వంటి మానసిక జబ్బులు వచ్చే అవకాశం పెరుగుతుంది, ముఖ్యంగా రక్తసంబంధీకుల్లో అటువంటి జబ్బు ఉన్నవారికి. అలవాటు పడదన్నదీ అపోహే. మానిన మొదటి వారం చిరాకు, నిద్రలేమి, అన్నం సహించకపోవడం ఉంటాయి, తర్వాత క్రమంగా తగ్గుతాయి. ఆ వారం ఇంట్లో మీ దగ్గరే గడిస్తే అతనికి ఎంతో తేలిక.

వాళ్ల నాన్నకు చెప్పండి, కానీ చెయ్యి చేసుకోనన్న మాట ముందే తీసుకోండి. నల్లగొండ ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. ఫోనులోనైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్‌కు, 14416 నంబరుకు ఉచితంగా చేయవచ్చు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం కొద్దిపాటి గంజాయి దగ్గరున్నా ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. అయితే అలవాటుపడినవారు తమంతట తాముగా చికిత్సకు ముందుకొస్తే ఆ కేసు విచారణ నుంచి మినహాయించే వీలును 64ఏ సెక్షన్ కల్పిస్తోంది. ఎప్పుడు మొదలుపెట్టాడు, రోజుకు ఎన్నిసార్లు, మీ రెండు కుటుంబాల్లో ఎవరికైనా మతిస్థిమితం తప్పిందా అన్నవి కాగితం మీద రాసుకుని వెళ్లండి. వైద్యులు మొదట అడిగేవి అవే.