పొయ్యి ఎక్కడుందో చెప్పు

అమ్మాయీ,

వాతావరణ పొరల మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. అంకెల్లో తప్పు లేదు. కానీ ట్రోపో, స్ట్రాటో, మీసో, థర్మో అంటూ ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయావు. మూడో పేరాకే ఆవలింత వచ్చింది.

కొండెక్కితే సూర్యుడికి దగ్గరవుతాం కదా, మరి చలెందుకు? చదివేవాడికి మొదట వచ్చే సందేహం ఇదే. నువ్వేమో కిలోమీటరుకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుందని చెప్పి ఊరుకున్నావు. ఎండ ముందు నేలను కాలుస్తుంది. గాలి ఆ నేల మీద కాగి పైకి లేస్తుంది, అక్కడ ఒత్తిడి తక్కువ గనుక వ్యాకోచించి చల్లబడుతుంది. పొయ్యి కింద ఉందని తెలిస్తే లంబసింగి చలి సగం అర్థమైనట్టే.

నాకు కోపం తెప్పించింది మాత్రం ఫ్రెంచ్ వాతావరణ శాస్త్రవేత్త టెసరెంక్ ద బోర్‌ను ఒక్క వాక్యంలో దాటేయడం. ఆయన పారిస్ దగ్గర ట్రాప్‌లో బెలూన్లకు పరికరాలు కట్టి వదిలేవాడు. సుమారు 11 కిలోమీటర్లు దాటాక ఉష్ణోగ్రత తగ్గడం ఆగిపోయింది. ఆయన ముందు తన పరికరాన్నే అనుమానించాడు. ఎండ తగిలి తప్పు చూపుతోందేమోనని రాత్రిళ్లు కూడా వదిలి చూశాడు. రెండు వందలకు పైగా బెలూన్లు ఎగిరాక గాని, 1902లో, పైన వేరే పొర (మన స్ట్రాటోస్ఫియర్) ఉందని ప్రకటించలేదు. నీ వ్యాసం ఆ రాత్రుల్లో మొదలుకావాలి.

అక్కడి నుంచి ఆ పొరలోనే ఉన్న రెండో పొయ్యి దగ్గరికి తీసుకెళ్లు. ఓజోన్ అతినీలలోహిత కిరణాలను పీల్చుకోవడం వల్ల 50 కిలోమీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత మళ్లీ సున్నా దరిదాపులకు వస్తుంది. ఆపైన మీసోస్ఫియర్‌లో ఓజోన్ పలచబడి చలి మైనస్ 90 దాకా దిగుతుంది. దానికి రెండు వాక్యాలు చాలు. ఇంకా పైన థర్మోస్ఫియర్‌లో వెయ్యి డిగ్రీలని రాశావు, నిజమే. కానీ అక్కడ అణువులు ఎంత అరుదంటే ఆ గాలి చేతిని కాల్చలేదు. ఈ మాట చేర్చకపోతే చదివేవాడు కొలిమిని ఊహించుకుంటాడు.

ఇంకొకటి. ట్రోపోపాజ్, అంటే కింది పొరలో ఉష్ణోగ్రత తగ్గడం ఆగే హద్దు, అన్నిచోట్లా 11 కిలోమీటర్లే అన్నట్టు రాశావు. మన ఉష్ణమండలంలో అది 16, 17 దాకా వెళుతుంది. తగ్గుదల అంత ఎత్తు వరకూ సాగుతుంది గనుక అక్కడ మైనస్ 80 డిగ్రీల చలి. హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం వాళ్లకు ఇదే పెద్ద చిక్కు. బెలూన్లకు వాడే ఉల్లిపొరలాంటి ప్లాస్టిక్ ఆ చలిలో పెళుసెక్కుతుంది. అందుకే దాన్ని తట్టుకునే పొరను ప్రత్యేకంగా తయారుచేయాల్సి వచ్చింది. ఇల్లు దాటకుండా దొరికే ఇలాంటి ముచ్చటను వదిలేస్తారా ఎవరైనా?

‘అద్భుతం’ అన్న మాట తొమ్మిది చోట్ల కొట్టేశాను. మార్చి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు