2147483647 ప్రధాన సంఖ్యే, తేడా లూప్‌లో ఉంది

మీ జావా ప్రోగ్రామ్ 2147483647 దగ్గర చాలాసేపు తిరిగి "ప్రధాన సంఖ్య కాదు" అంటోందన్నారు కదండీ. అది ముమ్మాటికీ ప్రధాన సంఖ్యే. 1772లోనే గణిత శాస్త్రజ్ఞుడు ఆయిలర్ చేతి లెక్కతో తేల్చాడు.

జావాలో మామూలు పూర్ణసంఖ్యలు దాచే రకమైన 'ఇంట్'లో పట్టే గరిష్ఠ విలువ సరిగ్గా ఇదే. మీ లూప్ ఒక్కో భాజకంతో వరుసగా భాగించి చూస్తూ, భాజకం వర్గం ఈ సంఖ్యను దాటితే ఆగాలి. కానీ భాజకం 46341కి చేరగానే దాని వర్గం పట్టక ఋణసంఖ్య అయిపోతుంది. ఇక లూప్ అక్కడ ఆగదు. చివరికి సంఖ్యను దానితోనే భాగించి కాదనేస్తుంది. భాజకాన్ని ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే 'లాంగ్' రకంగా పెట్టండి, సరిపోతుంది.

ఆయిలర్ పద్ధతి మాత్రం తప్పక చూడండి, చాలా అందమైనది! ఈ సంఖ్య 2^31 − 1. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, 62తో భాగిస్తే శేషం 1, 8తో భాగిస్తే 1 లేదా 7 రావాలి. అలా వర్గమూలం వరకు, అంటే 46340 లోపు, పరీక్షించాల్సినవి 372కి మించవు.