ఆ రెండో పి ఎక్కడికి పోయింది?

తమ్ముడూ,

నీ ఇంగ్లిష్ కథ రాత్రే చదివేశాను. పిట్ట కిటికీ మీదకి గెంతే చోటు నాకు భలే నచ్చింది, కానీ సరిగ్గా అక్కడే ఒక్క అక్షరం తగ్గి, ఆ పిట్ట గెంతడం మానేసి ఆశపడింది. గెంతడం అంటే హాప్, దాని భూతకాలంలో పి రెండుసార్లు రాసి ఈడీ చేర్చాలి. నువ్వు ఒక్క పితో సరిపెట్టావు, దాంతో అది హోప్‌కి భూతకాలం అయిపోయింది. మొదట్లో నేనూ ఇదే తప్పు చేశాను, ఎందుకో అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

తెలుగులో ద్విత్వం చెవికి వినిపిస్తుంది, కల వేరు, కల్ల వేరు, నోటితో అంటేనే తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో ఆ రెండో పిని ఎవరూ పలకరు, ముందున్న అచ్చు హోప్‌లోలా సాగకూడదని చెప్పడానికే అది అక్కడ ఉంది. ఇది పట్టుకున్నావంటే స్టాప్, ప్లాన్ లాంటివి బట్టీ పట్టక్కర్లేదు: చిన్న మాట, ఒకే అచ్చు, చివర ఒకే హల్లు ఉంటే ఆ హల్లుని రెట్టించు. హెల్ప్‌లోలా చివర రెండు హల్లులున్నా, లుక్‌లోలా అచ్చులు రెండున్నా ముట్టుకోకు. ఎక్స్, డబ్ల్యూ అసలు రెట్టించరు.

పెద్ద మాటల దగ్గర మాత్రం చెవిపెట్టి వినాలి. ప్రిఫర్‌లో చివరి భాగాన్ని నొక్కి పలుకుతారు కాబట్టి ఆర్ రెండుసార్లు, ఆఫర్‌లో మొదటి భాగాన్ని నొక్కుతారు కాబట్టి ఒక్కసారే, విజిట్‌లో టి కూడా అంతే. మనం మాట్లాడే ఇంగ్లిష్‌లో ఈ నొక్కు అంతగా తెలియదు, అందుకే అనుమానమొస్తే డిక్షనరీ తియ్యి, చాలా డిక్షనరీల్లో ఉచ్చారణ ఇచ్చిన చోట పైన చిన్న నిలువు గీత ఉంటుంది, దాని తర్వాతి భాగాన్నే నొక్కి పలకాలి. ట్రావెల్ ఈ లెక్కకి లొంగదు: బ్రిటిష్ వాళ్లు ఎల్ రెండు రాస్తారు, అమెరికన్లు ఒకటే. రెండూ ఒప్పే, కానీ నీ కథలో రెండు రకాలూ కనిపించాయి, ఒకటి ఎంచుకో.

వై సంగతి నీకు తెలిసినట్టే ఉంది, స్టడీలో దాన్ని ఐగా మార్చావు, ప్లేలో వై ముందు అచ్చు ఉందని అలాగే వదిలావు. పే, సే, లే మాత్రం విడిగా గుర్తుపెట్టుకో, వాటి చివర ఏ, ఐ, డి వస్తాయి, నువ్వు పేకి ఈడీ తగిలించావు. పానిక్‌కి ఈడీ కన్నా ముందు కె చేర్చాలి, లేకపోతే ఈడీ పక్కన పడ్డ సి 'స'లా పలుకుతుంది.

పిట్ట పేరా సరిచేసి పంపు, మిగతా కథ గురించి అప్పుడు తీరిగ్గా రాస్తాను.