రెండున్నర నెలలుగా గొంతు బొంగురు... ఎమ్మారై తీయించాలా?

ప్రశ్న: నా వయసు 51. ఉన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తాను. రెండున్నర నెలలుగా గొంతు బొంగురుపోయింది. నొప్పి లేదు. మందుల దుకాణంలో ఇచ్చిన మాత్రలు వేసుకుంటే తగ్గుతోంది, మానేస్తే మళ్లీ మొదటికొస్తోంది. మనిషి మాట్లాడుతున్నప్పుడు నాలుక, అంగిలి ఎలా కదులుతాయో ఎమ్మారైతో చిత్రీకరిస్తున్నారని చదివాను. వేసవి సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి ఆ స్కాన్ తీయించుకుంటే లోపం తెలుస్తుందా? రోజుకు నాలుగైదు సిగరెట్లు కాలుస్తాను.
- ఓ పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: మాస్టారూ, స్కాన్ సంగతి తర్వాత. మీరు చివర్లో రాసిన సిగరెట్ల మాట నాకు మొదటిది. యాభై దాటిన వయసు, పొగ తాగే అలవాటు, వారాల తరబడి తగ్గని బొంగురు - ఈ మూడూ కలిస్తే స్వరపేటిక క్యాన్సర్ లేదని ముందు నిర్ధారించుకోవాలి. మీకు అదే ఉందని అనడం లేదు. స్వరతంత్రులపై (గొంతులో కంపించి స్వరాన్ని పుట్టించే మడతలపై) బుడిపెలు, కడుపులోని ఆమ్లం పైకి తన్నడం, థైరాయిడ్ లోపం, ఎక్కువగా అరవడం వంటి కారణాలు ఇంకా చాలా ఉన్నాయి. గొంతు లోపల చూడకుండా ఏదన్నది చెప్పలేం. నొప్పి లేదని ధీమాగా ఉండకండి. స్వరతంత్రులపై పుట్టే క్యాన్సర్‌కు తరచూ గొంతు మారడమే తొలి లక్షణం. ఆ దశలో దొరికితే చాలామందికి రేడియేషన్‌తో గానీ లేజర్ శస్త్రచికిత్సతో గానీ నయమవుతుంది.

మీరు చదివిన పరిశోధన నిజమైనదే, విలువైనదే. లాస్ ఏంజెలెస్‌లోని యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో శ్రీకాంత్ నారాయణన్ బృందం ఏళ్లుగా ఆ పని చేస్తోంది. 'ళ', 'ణ' పలికేటప్పుడు నాలుక కొన వెనక్కి మడిచి అంగిలిని తాకడం లాంటివి అందులో చక్కగా కనిపిస్తాయి. మీ నాలుకకు మాత్రం ఏ ఇబ్బందీ ఉన్నట్టు లేదు. ఇబ్బంది దాని కిందనున్న స్వరతంత్రుల్లో ఉంది. మగవారిలో అవి మాట్లాడేటప్పుడు సెకనుకు సుమారు వంద నుంచి నూట ముప్పై సార్లు కంపిస్తాయి. సెకనుకు కొన్ని పదుల చిత్రాలు తీసే ఆ ఎమ్మారైకి ఈ కంపనం చిక్కదు.

మీకు కావలసింది లారింగోస్కోపీ. ముక్కులో మత్తుమందు చల్లి, సన్నని గొట్టానికి అమర్చిన కెమెరాను లోపలికి పంపి, 'ఈ...' అని సాగదీయమంటారు. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. 1854లో మాన్యుయెల్ గార్సియా అనే సంగీత గురువు పంటి వైద్యుల అద్దం, సూర్యకాంతి సాయంతో తన స్వరతంత్రులను తానే చూసుకున్నారు. ఇప్పుడు ఆ సదుపాయం ఈఎన్‌టీ వైద్యుల దగ్గర మామూలే. అవసరమైతే స్ట్రోబోస్కోపీతో ఆ కంపనాన్ని నెమ్మదిగా జరుగుతున్నట్టు చూపిస్తారు. ఒక తంత్రి కదలడం లేదని తేలితే ఛాతీ స్కాన్ కూడా రాయవచ్చు. ఎడమ స్వరతంత్రికి వెళ్లే నరం ఛాతీలోకి దిగి, గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళమైన బృహద్ధమనిని చుట్టి పైకి వస్తుంది. అందుకే ఊపిరితిత్తుల్లోని గడ్డ ఆ నరాన్ని నొక్కినా గొంతు మారుతుంది.

ఇక ఆ మాత్రలు. వేసుకుంటే తగ్గి, మానితే తిరగబెడుతోందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని నా అనుమానం. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. స్టెరాయిడ్ వాపును తగ్గిస్తుంది, గొంతు తెరుచుకుంటుంది, అసలు జబ్బు లోపలే ఉండిపోతుంది. అది స్వరపేటిక క్షయ అయితే స్టెరాయిడ్ వల్ల ముదిరే ప్రమాదం ఉంది. మధుమేహం ఉంటే చక్కెర పెరుగుతుంది. పిల్లలకు పాఠం చెప్పే మీరే చీటీ లేకుండా మందులు వాడితే ఎలా, మాస్టారూ? వరుసగా వారాలపాటు వాడి ఉంటే ఉన్నపళంగా మానేయకండి. స్ట్రిప్పు వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించి, ఆయన చెప్పినట్టు చేయండి.

గొంతు నాలుగు వారాల్లో బాగుపడకపోతే లోపల చూడాలన్నది మేం పాటించే నియమం. పొగ తాగేవారి విషయంలో అంతకాలం కూడా ఆగం. మీకు పది వారాలు దాటాయి. వేసవి సెలవులు వద్దు, హైదరాబాదూ అక్కర్లేదు. ఈ వారంలోనే మీ జిల్లా కేంద్రంలోని ఈఎన్‌టీ నిపుణులను కలవండి. ఈలోగా సిగరెట్లు ఆపేయండి. తరగతిలో గొంతు పెంచకండి, అలాగని గుసగుసగానూ మాట్లాడకండి, దానివల్లా స్వరతంత్రులు అలసిపోవచ్చు. ఊపిరి తీసుకుంటుంటే ఈల శబ్దం వచ్చినా, ఆయాసం వచ్చినా, దగ్గులో రక్తం పడినా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి. మింగడం కష్టమైనా, మెడలో గడ్డ తగిలినా మర్నాటికి వాయిదా వేయకండి. మిమ్మల్ని స్వయంగా పరీక్షించకుండా, ఉత్తరం చదివి చెప్పగలిగింది ఇంతే.