మోకాళ్ల నొప్పి వానను ముందే చెబుతుందా?

ప్రశ్న: మా అమ్మగారికి 63 ఏళ్లు. నెల్లూరు నుంచి వచ్చి రెండేళ్లుగా చెన్నై అంబత్తూరులో మా దగ్గరే ఉంటున్నారు. మోకాళ్లు అరిగాయని డాక్టరు చెప్పారు. నొప్పి పెరిగితే రెండు రోజుల్లో వాన పడుతుందని ఆమె నమ్మకం. చాలాసార్లు అలాగే జరిగింది. మబ్బు పట్టిన రోజున వ్యాయామం మానేస్తున్నారు. ఈమధ్య రాగి కడియం వేసుకున్నాక నొప్పి తగ్గిందంటున్నారు. ఇందులో నిజమెంత?

జవాబు: మీ అమ్మగారి నొప్పి నిజమైనదే, అందులో సందేహం లేదు. నొప్పికీ వానకీ ఆమె వేసిన ముడినే విప్పి చూడాలి. ఈశాన్య రుతుపవనాల కాలంలో, ముఖ్యంగా అక్టోబరు, నవంబరు నెలల్లో, చెన్నైలో ఏ రోజున 'రెండు రోజుల్లో వాన పడుతుంది' అన్నా ఆ మాట తరచుగా నిజమే అవుతుంది. అది మోకాళ్లు చెప్పినా, మేడ మీద వడియాలు పెట్టబోతున్న పొరుగావిడ చెప్పినా ఒకటే. నొప్పి వచ్చి వాన పడిన రోజును ఇంటిల్లిపాదీ చెప్పుకుంటారు. నొప్పి వచ్చినా చినుకు రాలని రోజు, నొప్పి లేకుండానే కుండపోత కురిసిన రోజు ఎవరి లెక్కలోకీ రావు.

రెడెల్మయర్, ట్వర్‌స్కీ అనే పరిశోధకులు 18 మంది కీళ్లవాతం రోగులను 15 నెలల పాటు గమనించి, వాతావరణానికీ నొప్పికీ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదని 1996లో ప్రచురించారు. తరువాతి పరిశోధనల్లో కొన్ని, గాలిలో తేమ వంటివాటితో స్వల్ప సంబంధం ఉందన్నాయి. అంత స్వల్పమైనదాన్ని నమ్ముకుని వ్యాయామం మానుకోవడం మాత్రం నష్టమే.

ఇక కడియం సంగతి. అరుగుదల నొప్పి కొన్నాళ్లు ముదిరి, కొన్నాళ్లు దానంతటదే నెమ్మదిస్తుంది. భరించలేనంతగా ఉన్నప్పుడే ఎవరైనా కొత్త ఉపాయం వెతుకుతారు కనుక, ఆ తరువాత ఎలాగూ తగ్గే నొప్పి ఆ ఉపాయం ఖాతాలో పడుతుంది. రాగి కడియాలను ఉత్తుత్తి కడియాలతో పోల్చి చేసిన పరీక్షల్లో అదనపు ప్రయోజనం కనిపించలేదు. మేము రాసే మాత్రలకు కూడా ఒక్కోసారి ఇలాగే రాని పేరు వస్తుందని ఒప్పుకోవాలి.

వాదనకు దిగకండి, కడియం తీయించకండి. రోజూ నిద్ర లేవగానే, కిటికీ తెరవకముందే, ఆ రోజు నొప్పికి పదికి ఎన్ని మార్కులో ఆమెచేత దినసరి క్యాలెండరు కాగితం మీద రాయించండి. వాన పడిందో లేదో మీరు రాత్రి వేరే పుస్తకంలో రాసుకోండి. మూడు నెలలయ్యాక రెండూ పక్కపక్కన పెట్టుకుని, తప్పిన రోజులను కూడా ఆమెనే లెక్కపెట్టమనండి.

వాన రోజున బయట నడక కుదరకపోతే, కుర్చీలో కూర్చుని ఒక్కో కాలును నిటారుగా చాచి, ఐదు సెకన్లు ఆపి దించడం పదేసి సార్లు చేయవచ్చు. తొడ కండరం బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. మోకాలు వాచి ఎర్రబడి జ్వరం వచ్చినా, కాలు మీద బరువు మోపలేకపోయినా, ఏ కాలమైనా సరే, అదే రోజు ఎముకల వైద్యులకు చూపించండి.