మాస్క్ లేకుండానే సిలికాన్ మీద నానో గీతలు ఎలా వస్తాయి?

మీరు అడిగింది ఇది: సిలికాన్‌ను అయాన్లతో, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులతో, కొట్టినప్పుడు అవి ఎక్కడ పడితే అక్కడ తగులుతుంటే ఉపరితలం గరుకెక్కాలి గానీ, వరుసగా గీతలు ఎందుకు తేలుతున్నాయి, ముందే మాస్క్ (గీతల ఆకారంలో కోసిన అచ్చులాంటి పొర) ఏమైనా వేస్తారా అని. మాస్క్ ఏమీ వేయరు. పీహెచ్‌డీలో నా పని చాలావరకు దీని మీదే కాబట్టి తెలిసినంత చెబుతాను.

వేలిగోరంత సిలికాన్ ముక్కను హోల్డర్‌కు బిగించి, వాక్యూమ్‌లో 500 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ఆర్గాన్ అయాన్లతో ఏటవాలుగా కొడతాం. ఏటవాలు అంటే లంబం నుంచి 65 డిగ్రీలు, ఆపైన. బయటికి తీశాక కంటికి ఏ తేడా కనబడదు, ముక్క అద్దంలా మెరుస్తూనే ఉంటుంది. గీతకూ గీతకూ మధ్య దూరం 30 నానోమీటర్ల లెక్కలో ఉంటే మామూలు వెలుతురుకు అది ఆనదు మరి. ఏఎఫ్‌ఎమ్‌లో, అంటే సన్నని సూదిమొనతో ఎత్తుపల్లాల్ని తడిమి చూపే మైక్రోస్కోపులో, పెట్టి స్కాన్ మొదలుపెడితే, స్క్రీన్ మీద ఒక్కో లైనూ దిగుతున్నకొద్దీ ఏటి ఇసుక మీద గాలికి లేచినట్టు గట్లు బయటపడతాయి. ఆ చిత్రానికి ఫూరియర్ (ఏ దూరానికోసారి గీత మళ్లీ వస్తుందో చూపే లెక్క) తీస్తే నడిమి చుక్కకు చెరోవైపు ఒక మచ్చ. ఆ రెండు మచ్చలూ ఉన్నాయంటే గీతల మధ్య దూరం ఒక కొలతకు కుదిరిందన్నమాట.

ఇక కారణం. అయాన్ తగిలిన చోటే శక్తంతా ఖర్చయిపోదు. ఒకటి రెండు నానోమీటర్లు లోపలికి దూరి చుట్టుపక్కల పంచుతుంది. గుంత అడుగుకు తన మీద పడిన అయాన్ల శక్తే కాక, పక్క వాలు మీద పడినవాటి శక్తీ చేరుతుంది. గట్టు కొసకు అంత వాటా రాదు. అందుకని గుంతలోంచి పరమాణువులు ఎక్కువగా ఎగిరిపోయి అది ఇంకా లోతవుతుంది. సిగ్మండ్ అనే శాస్త్రవేత్త 1973లో చెప్పింది ఇదే. మరోపక్క పరమాణువులు ఉపరితలం మీద జరుగుతూ ఎత్తుపల్లాల్ని సర్దేస్తుంటాయి. మరీ సన్నని గీతల్ని ఈ సర్దుబాటు మింగేస్తుంది, మరీ వెడల్పువి నత్తనడకన పెరుగుతాయి. నడుమ ఒక్క కొలత మాత్రం అన్నిటికంటే వేగంగా పెరిగి మిగతావాటిని దాటేస్తుంది. దీన్ని 1988లో బ్రాడ్లీ, హార్పర్ సమీకరణంగా రాశారు. గీతలు మాత్రం 1962లోనే గాజు మీద కనబడ్డాయి.

చాలా పాఠాలు ఇక్కడితో ఆగిపోతాయి. నాకు అది నచ్చదు. ఎందుకంటే ఆ సమీకరణం ప్రకారం ఏ కోణంలో కొట్టినా ఉపరితలం చెదరాలి. శుభ్రమైన సిలికాన్‌ను 250 ఎలక్ట్రాన్ వోల్టుల ఆర్గాన్‌తో కొట్టి చూస్తే, సుమారు 48 డిగ్రీల లోపు అది నున్నగానే ఉండిపోతుంది! ఎగిరిపోయే పరమాణువుల లెక్క ఒక్కటే చూస్తే సరిపోదు, ఎగరకుండా పక్కకు నెట్టబడేవీ ఉంటాయి. కార్టర్, విష్ణ్యకోవ్ 1996లోనే ఎత్తిచూపిన విషయం ఇది. ఈ నెట్టుడు తక్కువ కోణాల్లో చదును చేస్తుంది, 45 డిగ్రీలు దాటాక గట్లు లేపుతుంది. అప్పుడు గీతలు అయాన్లు వచ్చే దిక్కుకు అడ్డంగా ఉంటాయి. దాదాపు ఉపరితలాన్ని రాసుకుంటూ వెళ్లేలా కొడితే అదే దిక్కుకు తిరుగుతాయి.

నిలువుగా కొట్టినా గీతలకు బదులు నానో బొడిపెలు, అంటే చుక్కలు, వస్తాయని మీరు చదివే ఉంటారు. 1999లో ఫాస్కో బృందం గాలియం యాంటిమొనైడ్ మీద తేనెపట్టు వరుసలో చుక్కలు చూపించింది, కానీ అందులో రెండు మూలకాలున్నాయి. ఉత్త సిలికాన్ మీద వచ్చిన చుక్కలకు కారణం చాలాసార్లు పక్కనున్న లోహమని తర్వాత తేలింది. మా హోల్డర్ క్లిప్ స్టీలుది. నిలువుగా కొట్టిన ముక్కలో క్లిప్ పక్కన చుక్కలే చుక్కలు, కాస్త దూరం జరిగి నడిమికి వస్తే ఏమీ లేదు. క్లిప్ మీంచి ఎగిరిన ఇనుము అణుమాత్రం వచ్చి పడినా కథ మారిపోతుంది. పేపర్లలో హోల్డర్ దేంతో చేశారో రాయనివాళ్ల మీద నాకు ఇప్పటికీ చిరాకే.

ఇదంతా సిలికాన్ సంగతి. అయాన్ల దెబ్బకు దాని పైపొర స్ఫటికంగా మిగలదు. వెండి, రాగి లాంటివి స్ఫటికాలుగానే ఉంటాయి కాబట్టి అక్కడ ఉష్ణోగ్రతదే పెత్తనం, గీతల దిక్కు కూడా దాన్నిబట్టి మారొచ్చు.

మీ ల్యాబ్‌లో చేయాలనుకుంటే 65 డిగ్రీలతో మొదలుపెట్టండి. డోసు చదరపు సెంటీమీటరుకు 10 ఘాతం 17 అయాన్లకు తగ్గకుండా చూసుకోండి. క్లిప్ మీద సిలికాన్ ముక్కే కప్పండి, ఏఎఫ్‌ఎమ్ ముక్క నడుమ తీయండి. అప్పటికీ గీతలు రాకపోతే, కొట్టేటప్పుడు శాంపిల్ తిరుగుతోందేమో చూడండి. డెప్త్ ప్రొఫైల్ తీసేవాళ్లకు, అంటే అయాన్లతో పొరపొరగా తొలుస్తూ ఏ లోతులో ఏముందో కొలిచేవాళ్లకు, ఈ గీతలు తలనొప్పి కాబట్టి, అవి రాకుండా శాంపిల్‌ను తిప్పుతూ కొట్టే ఏర్పాటు కొన్ని మెషిన్లలో ఉంటుంది.