చిన్నాకి, గన్ లైసెన్స్ అప్లికేషన్ నింపే ముందు

ఒరేయ్ చిన్నా,

నిన్న ఫోన్ మధ్యలోనే పెట్టేశాను, ఏమీ అనుకోకు. పక్కనే మీ అత్త ఉంది. గన్ అన్న మాట చెవిన పడితే ముందు ఆవిడకు టెన్షన్, ఆ తర్వాత వారం రోజులు నాకు టెన్షన్. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

గ్యాస్ స్టేషన్లో రాత్రి పదకొండు దాకా ఒక్కడివే ఉంటున్నావు, షట్టర్ వేసి క్యాష్ సంచీతో కారు దాకా నడవాలంటే గుండె దడదడలాడుతోందన్నావు. గన్ ఉంటే ఆ దడ తగ్గుతుందో పెరుగుతుందో ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం. నువ్వు నన్ను అడిగింది మాత్రం వేరు. "మామయ్యా, డెంటన్లో చదువుకునేటప్పటి ఆ షాపు కేసు డిస్మిస్ అయిపోయింది కదా, అప్లికేషన్లో పాత కేసులున్నాయా అన్నచోట 'నో' అని కొట్టేయనా?"

కొట్టకు. ఎందుకో నా సంగతి చెప్తే నీకే తెలుస్తుంది. ఇది మీ అమ్మకి కూడా తెలీదు.

2003 ఎండాకాలం, ఆదివారం టెన్నిస్ బాల్ క్రికెట్. నన్ను రనౌట్ ఇచ్చారు. ఇప్పటికీ చెప్తాను, నా బ్యాట్ గీత దాటింది. మాటా మాటా పెరిగింది, చొక్కాలు పట్టుకున్నాం. పార్కులో కుక్కని తిప్పుతున్న పెద్దావిడ ఎవరో పోలీసుల్ని పిలిచింది. ఆఫీసర్ వచ్చి ఇద్దరికీ చెరో కాగితం చింపి ఇచ్చి వెళ్ళిపోయాడు. నేనది స్పీడింగ్ టికెట్ లాంటిదే అనుకుని, చెక్ రాసి పోస్టులో పడేసి మర్చిపోయాను.

2006లో ఇక్కడ టెక్సస్‌లో గన్ లైసెన్స్‌కి అప్లై చేశాను. అప్పట్లో దాన్ని కన్సీల్డ్ హ్యాండ్‌గన్ లైసెన్స్ అనేవారు, సీహెచ్ఎల్. ఫీజు 140 డాలర్లు. పాత కేసులేమైనా ఉన్నాయా అన్నచోట ఏమీ లేవని రాశాను, అది నిజమనే నమ్ముతూ. కొన్నాళ్ళకి ఉత్తరం వచ్చింది, ఇవ్వం అని. పార్కులో ఆఫీసర్ ఇచ్చిన ఆ కాగితం పేరు డిసార్డర్లీ కాండక్ట్, అంటే నలుగురిలో గొడవ చేయడం. జరిమానా కట్టడమంటే నేరం రుజువైనట్టే లెక్కట. 140 డాలర్లు పోయాయి. పైగా లైసెన్సులిచ్చే పబ్లిక్ సేఫ్టీ శాఖ (డీపీఎస్) కళ్ళలో అబద్ధం చెప్పినవాణ్ణయ్యాను. ఐదేళ్ళు నిండాక 2009లో మళ్ళీ అప్లై చేశాను. ఈసారి ఆ టికెట్ సంగతి నేనే రాశాను, కోర్టు కాగితం జత చేశాను. వచ్చింది.

ఇక్కడ చిన్న నేరాల్ని మిస్‌డిమీనర్లు అంటారు, అందులో ఏ, బీ, సీ అని తరగతులు, సీ అన్నిటికంటే చిన్నది. క్లాస్ సీ అంటే ట్రాఫిక్ టికెట్ల జాతి, మామూలుగా లైసెన్స్‌కి అడ్డం రాదు. డిసార్డర్లీ కాండక్ట్ మాత్రం క్లాస్ సీ అయినా ఐదేళ్ళు అడ్డమే. చట్టంలో దాని పేరు విడిగా రాసి పెట్టారు. రనౌట్ కోసం ఐదేళ్ళురా.

ఇక నీ సంగతి. సెల్ఫ్ చెకౌట్లో 180 డాలర్ల సామాను స్కాన్ చేయకుండా తెచ్చావు, 2014లో. అది క్లాస్ బీ దొంగతనం. నీకిచ్చింది డిఫర్డ్ అడ్జుడికేషన్, అంటే తీర్పు పక్కన పెట్టి, చెప్పినట్టు నడుచుకుంటే కేసు కొట్టేయడం. ఆరు నెలల ప్రొబేషన్ చేశావు, క్లాసుకి వెళ్ళావు, జడ్జి కేసు కొట్టేశాడు. మీ లాయరు 'డిస్మిస్' అని చెప్పింది అబద్ధం కాదు. కానీ గన్ లైసెన్స్ చట్టానికి తన సొంత డిక్షనరీ ఉంది. టెక్సస్ గవర్నమెంట్ కోడ్ 411వ అధ్యాయంలో 'కన్విక్షన్' అంటే ఏమిటో రాసినచోట డిఫర్డ్‌ని కూడా కలిపేశారు. శిక్ష పడకపోయినా సరే. క్లాస్ ఏ, క్లాస్ బీ అయితే అప్లై చేసే రోజుకి ముందు ఐదేళ్ళలో ఉండకూడదు. నీకు ఐదేళ్ళు ఎప్పుడో దాటాయి.

అంటే ఏమైంది? ఆ 180 డాలర్ల కేసు నీకు అడ్డం కాదు. 'నో' అని కొడితే ఆ 'నో' అడ్డం అవుతుంది. అప్లికేషన్లో ముఖ్యమైన విషయం దాచినా, తప్పు రాసినా అదొక్కటే లైసెన్స్ ఇవ్వకపోవడానికి చాలు. ప్రభుత్వ కాగితం మీద తెలిసి తెలిసి అబద్ధం రాస్తే అది వేరే నేరం. పాత చిన్న కేసుని కప్పడానికి కొత్త పెద్ద కేసు తెచ్చుకోవడం దేనికి? వాళ్ళు కంప్యూటర్లో చూసి ఊరుకోరు కూడా. అవసరమైతే నువ్వుండే ఏరియాలో ఉన్న డీపీఎస్ మనిషి అక్కడి స్థానిక ప్రభుత్వ రికార్డులు కూడా చూడాలని చట్టంలోనే ఉంది.

ఫారం నింపేటప్పుడు ఒక్కో ప్రశ్నా రెండుసార్లు చదువు. 'అరెస్ట్ అయ్యారా' అనేది ఒక ప్రశ్న, 'చార్జ్ చేశారా' అనేది ఇంకోటి, 'కన్విక్ట్ అయ్యారా' అనేది మరోటి. ఎన్నేళ్ళ లోపల అని అడిగారో చూడు. అడిగినదానికి అడిగినంత జవాబు రాయి. మన లక్షణం ఏమిటంటే అయితే మొత్తం దాచేస్తాం, లేకపోతే పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్తాం. రెండూ వద్దు.

దానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. డెంటన్ కౌంటీ క్లర్క్ ఆఫీసుకి వెళ్ళి నీ కేసు డిస్పొజిషన్, అంటే కేసు ఎలా ముగిసిందో చెప్పే కాగితం, సర్టిఫైడ్ కాపీ తెచ్చుకో. గ్రీన్ కార్డుకి పెట్టినప్పుడు ఇమిగ్రేషన్ లాయరుకి ఒకటి ఇచ్చినట్టు గుర్తు, అక్కడా అడుగు. ఎఫ్‌బీఐ దగ్గర నీ పేరు మీద ఏముందో 18 డాలర్లు కట్టి, వేలిముద్రలు ఇచ్చి తెప్పించుకోవచ్చు. అదీ చెయ్యి. కేసు కొట్టేసిన సంగతి ఒక్కోసారి ఆ రికార్డులోకి ఎక్కదు, అరెస్ట్ ఒక్కటే కనబడుతూ ఉంటుంది. ఆ సంగతి వాళ్ళకంటే ముందు నీకు తెలియాలి.

ఆ కేసుని పూర్తిగా చెరిపేయించొచ్చు కదా అని మీ ఫ్రెండ్ అన్నాడన్నావు. ఎక్స్‌పంక్షన్ అంటే రికార్డే లేకుండా పోవడం. క్లాస్ బీకి డిఫర్డ్ తీసుకున్నవాళ్ళకి అది రాదు. నాన్‌డిస్‌క్లోజర్ అని ఇంకోటి ఉంది, దాంతో ఉద్యోగం ఇచ్చే కంపెనీలకి కనబడదు కానీ పోలీసులకీ, లైసెన్స్ ఇచ్చే ఆఫీసులకీ కనబడుతూనే ఉంటుంది. ఏది చేయించినా సరే, సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసి ఇంట్లో పెట్టుకున్నాకే చేయించు. రేపు సిటిజెన్‌షిప్‌కి పెట్టినప్పుడు ఆ కాగితం అడుగుతారు. చెరిపేశాక కోర్టుకి వెళ్తే 'అలాంటి కేసే లేదు' అంటారు, ఇమిగ్రేషన్ వాళ్ళేమో 'తీసుకురా' అంటారు. మధ్యలో నువ్వు.

మీ ఫ్రెండ్ అంటే గుర్తొచ్చింది. అతను ఇంకా హెచ్1-బీ మీదే ఉన్నాడు కదా? వీసా మీద ఉన్నవాళ్ళు గన్ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. షూటింగ్ రేంజ్‌లో అద్దెకిచ్చే గన్ పట్టుకున్నా అంతే. హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, అందుకే కొందరు జన్మలో జింకని చూడనివాళ్ళు కూడా ఆ లైసెన్స్ కొనుక్కుంటారు. గన్ కేసులో నేరం రుజువైతే గ్రీన్ కార్డు వాడినైనా దేశం నుంచి పంపించేయొచ్చు. ఈ విషయంలో నా మాట కూడా నమ్మొద్దు, ఇమిగ్రేషన్ లాయర్ని అడగమను.

ఇంకో కుర్రాడి గురించి కూడా అడిగావు, భార్యతో గొడవై 911 దాకా వెళ్ళినతను. అతనికి ఈ ఉత్తరం చూపించకు, నీ కేసుతో పోల్చుకుంటాడు. ఇంట్లో మనిషిని కొట్టిన కేసులో కన్విక్షన్ పడితే, అది మిస్‌డిమీనరే అయినా, 1996 నుంచి ఫెడరల్ చట్టం గన్ ముట్టుకోనివ్వదు. లైసెన్స్ మాట తర్వాత. ఆ మనిషి జోలికి వెళ్ళొద్దని కోర్టు ఇచ్చే ప్రొటెక్టివ్ ఆర్డర్ ఉన్నా అంతే. నన్నడిగితే అతనికి గన్ లేకపోవడమే అందరికీ మంచిది.

2021 సెప్టెంబర్ నుంచి టెక్సస్‌లో లైసెన్స్ లేకుండానే గన్ పెట్టుకోవచ్చు కదా, ఈ తిప్పలన్నీ ఎందుకంటావేమో. 21 నిండి, చట్టం కాదనని వాళ్ళు పెట్టుకోవచ్చు, నిజమే. కానీ నీ కారు రోజూ పిల్లల స్కూలు ముందు నుంచే వెళ్తుంది. స్కూలుకి వెయ్యి అడుగుల లోపల గన్ ఉండకూడదని ఫెడరల్ చట్టం, ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్ళకి మినహాయింపు. ఓక్లహోమా లాంటి పక్క రాష్ట్రాలు మన లైసెన్స్‌ని ఒప్పుకుంటాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్ ఒప్పుకోవు, కాబట్టి న్యూజెర్సీలో మీ పిన్ని ఇంటికి వెళ్తూ కారులో పెట్టుకుని పోకు. న్యూజెర్సీ కూడా ఒప్పుకోదు.

మిగతాది తేలిక. పేరు ఇప్పుడు లైసెన్స్ టు క్యారీ, ఫీజు 40 డాలర్లకి తగ్గించారు. వేలిముద్రలకి విడిగా కట్టాలి. క్లాసు నాలుగు నుంచి ఆరు గంటలు. గొడవని గొడవ లేకుండా ఎలా తప్పించుకోవాలో అందులో చెప్తారు, నాకు 2003లోనే చెప్పి ఉంటే బాగుండేది. కాల్చే పరీక్షలో యాభై తూటాలు, మూడు, ఏడు, పదిహేను గజాల నుంచి, 250కి 175 వస్తే పాస్.

ఒక్కటి మాత్రం చాలామంది చూసుకోరు. సేల్స్ ట్యాక్స్ బకాయి ఉందని తేలితే లైసెన్స్ ఇవ్వరు. ప్రాపర్టీ ట్యాక్స్ అయినా అంతే. గ్యాస్ స్టేషన్ లెక్కలు మీ పార్ట్‌నర్ చూస్తున్నాడు కదా, రాష్ట్రం పన్నులు వసూలు చేసే కంప్ట్రోలర్‌కి కట్టాల్సినవన్నీ కట్టాడో లేదో నువ్వే లాగిన్ అయ్యి చూడు.

ఒకవేళ లైసెన్స్ ఇవ్వబోమని ఉత్తరం వస్తే నాలాగా సొరుగులో పడేయకు. అది అందిన 30 రోజుల్లోపల హియరింగ్ కావాలని డీపీఎస్‌కి రాయాలి. మన కౌంటీ జస్టిస్ కోర్టులో విచారిస్తారు, అక్కడ ఓడితే పై కోర్టుంది. ఊళ్ళో మా నాన్న దగ్గర డబుల్ బ్యారెల్ ఉండేది, కలెక్టర్ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి తెచ్చుకున్నాడు, ఎన్నికలొచ్చినప్పుడల్లా పోలీస్ స్టేషన్లో జమ చేసి వచ్చేవాడు. అక్కడ ఇవ్వాలా వద్దా అన్నది ఆఫీసర్ ఇష్టం. ఇక్కడ నీకు అర్హత ఉంటే ఇచ్చి తీరాలి. లేదంటే ఎందుకు లేదో వాళ్ళే చెప్పాలి.

శనివారం డెంటన్ కాగితం పట్టుకుని రా. వాట్సాప్‌లో ఫొటో పెట్టకు, ఫ్యామిలీ గ్రూప్‌లో పడితే ఇక్కడి కోర్టు కంటే మీ అమ్మ కోర్టు కష్టం. ఫారం ఇద్దరం కలిసి నింపుదాం. అత్త ఆరోజు గుడికి వెళ్తానంది, పదింటికల్లా వచ్చెయ్.

మీ మామయ్య